పిల్లలు స్కూల్ బ్యాండ్‌లో చేరితే చదువు పాడైతదా? ఒక తండ్రి జవాబు

ఏడో తరగతి చదివే మీ బాబు స్కూల్ బ్యాండ్‌లో చేరతానంటున్నడు, చదువు పాడైతదేమోనని మీ భయం. చేర్పించండి. సెల్‌ఫోన్‌తో పాడైన పిల్లలు మా గల్లీలనే బోలెడుమంది ఉన్నరు గని, డ్రమ్ము కొట్టి పాడైన పిల్లను నేనింతవరకు చూడలేదు. పైగా లెక్క పట్టి కొట్టే పిల్లలకు లెక్కలు బాగ వస్తయని నా గట్టి నమ్మకం. రుజువేందని అడక్కండి, మా ఇంట్ల చూస్తున్న.

మాది నల్లగొండ. మా పాప సైడ్ డ్రమ్ కొడ్తది, అంటే పక్కకు తగిలించుకొని రెండు కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము. చేరతానన్న రోజు చదువు గురించి ఎవ్వరూ అడగలేదు. మా పెద్దమ్మ మాత్రం "ఆడపిల్లకు బ్యాండుమేళం ఏందిరా, రేపు పెండ్లిళ్లల్ల కొట్టిపిస్తవా?" అన్నది. కొట్టిపిస్తే తప్పేంది పెద్దమ్మా అన్న. మేళం రాకుంటే ఎదుర్కోళ్లు జరగవు, బరాత్ కదలదు, అయినా మేళమోళ్లంటే మనకు చిన్నచూపే. ఇప్పుడు వాళ్ల పొట్ట డీజేలు కొట్టినయ్. ఊదేటోడు, కొట్టేటోడు కనపడని చప్పుడుకు వేలకు వేలు పోసి, కిటికీ అద్దాలు అదిరేదాక పెట్టి, ముసలోళ్ల గుండెలు ఆగేటట్టు చేస్తున్నరు. సరే, అది వేరే పంచాయితీ.

డ్రమ్ము ఇంటికియ్యరు, రెండు కర్రలే ఇస్తరు. చెక్క మీద పాత స్కూటర్ ట్యూబు కోసి మొలలు కొట్టి ఇచ్చిన. అందరికీ మొదలు నేర్పేది "డాడీ–మమ్మీ". కుడిచేత్తో రెండు దెబ్బలు డాడీ, ఎడమచేత్తో రెండు దెబ్బలు మమ్మీ, మెల్లగ మొదలుపెట్టి జోరు పెంచుకుంటపోతే అదే రోల్ అయితది, ఆగకుండ మోగే చప్పుడన్నట్టు. మా పాపకు ఎడమచెయ్యి మందం. మా ఆవిడ వంటింట్లకెళ్లి అరిచేది: "డాడీ మంచిగనే మోగుతున్నడు, మమ్మీనే ఎందుకే అట్ల నలుపుతవ్?"

పట్టీ కుడి భుజం మీదికెళ్లి వస్తది, డ్రమ్ము ఎడమ తొడ మీద ఒరిగి ఉంటది. నడిచినకొద్దీ అంచు తగిలి మోకాలు పైన నల్లగ కమిలిపోయింది. మా అమ్మ కొబ్బరినూనెల పసుపు కలిపి రాసింది. ఆ పసుపు పరేడ్ తెల్లప్యాంటుకు అంటింది. ఆ ప్యాంటు స్కూలోళ్లు చెప్పిన దుకాణంలనే కొనాలె, వాళ్లు చెప్పిన రేటుకే! మీరూ దానికి సిద్ధంగుండండి.

ఇగ నడక. పరేడ్‌ల తేజ్ చల్, అంటే జోరు నడక, నిమిషానికి 120 అడుగులు, బేస్ డ్రమ్, అదే పెద్ద డ్రమ్ము, దెబ్బకు ఎడమకాలు పడాలె. జనగణమన 52 సెకన్లల్ల అయిపోవాలె. మా ఊర్ల 2021 జనవరి నుంచి పొద్దున 8:30కు కూడళ్లల్ల మైకులల్ల జనగణమన వస్తది, బండ్లన్నీ ఆగుతయ్. స్కూలుకు పోతూ మేమూ ఆగుతం. అందరూ అటెన్షన్‌ల ఉంటే మా పాప ఒక కన్ను చేతిగడియారం మీద పెట్టేది. వాళ్ల బేస్ డ్రమ్ పిల్లగాడు ఉరుకుతడట, వాళ్ల బ్యాండ్ జనగణమన 52 సెకన్లకు ముందే అయిపోతదట.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. ఒకసారి స్కూల్ల ఆటలపోటీల ప్రారంభం. ముఖ్య అతిథి పదింటికి వస్తడన్నరు. పిల్లలను తొమ్మిదిన్నరకే గేటుకాడ ఎండల నిలబెట్టిన్రు. తలకు కుచ్చుటోపీలు, చేతులకు తెల్ల గ్లౌజులు. నీళ్లు తాగితే యూనిఫాం మీద పడ్తయని బ్యాండ్ సారు తాగనియ్యలేదు. పదకొండు దాటింది. ట్రంపెట్ పిల్లగాడొకడు ఉన్నకాడనే కూలబడ్డడు. గంతల దూరంల దుమ్ము లేసింది. "వచ్చిన్రు, వచ్చిన్రు" అన్నరెవరో. సారు చెయ్యి ఎత్తిండు, పిల్లలు స్వాగతం ట్యూన్ ఎత్తుకున్నరు. గేట్లకెళ్లి వచ్చింది టెంట్‌హౌస్ ట్రాలీ ఆటో, మీదినిండ ప్లాస్టిక్ కుర్చీలు! డ్రైవర్ బిత్తరపోయి బ్రేకేసిండు. మొదలుపెట్టింది మధ్యల ఆపొద్దని నేర్పిన్రు కద, పిల్లలు ఆపలేదు. ఆయన దిగి, భుజం మీది తువ్వాల తీసి చేతుల పట్టుకొని, ట్యూన్ అయిపోయేదాక అట్లనే నిలబడి, ఆఖరుకు దండం పెట్టిండు.

పెద్దమనిషి పన్నెండు దాటినంక వచ్చిండు. ఫోన్ చెవికి పెట్టుకొని పిల్లల ముందుకెళ్లి పోయిండు, తల తిప్పలేదు. రాత్రి మా పాప అన్నది: "డాడీ, ఈరోజు మా రోల్ ఒక్కసారే మంచిగొచ్చింది, కుర్చీల అంకుల్ వచ్చినప్పుడు."

మర్నాడు నలుగురం తల్లిదండ్రులం పోయి, పిల్లలు బ్యాండ్ కొట్టుడు ఆగస్టు 15కు, జనవరి 26కు, పోటీలకు అని, వచ్చేపోయే లీడర్ల స్వాగతాలకు కాదని గట్టిగ చెప్పొచ్చినం. కొంచెం తగ్గింది, పూర్తిగ పోలేదు. పోటీలంటే ఉత్తవి గాదు. కేంద్రంల రక్షణ శాఖ, విద్యా శాఖ కలిసి జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీలు పెడ్తయ్. బ్రాస్ (ట్రంపెట్లసొంటి ఇత్తడి వాయిద్యాలు), పైప్ (సంచిల గాలి నింపి ఊదే బ్యాగ్‌పైపులు) రెండిట్ల ఆడపిల్లలకు వేరే విభాగముంది. మీ స్కూలోళ్లకు ఆ సంగతి తెలుసా అని అడిగి చూడండి. తెలియదంటే ఆ బ్యాండ్ ఎందుకు పెట్టిన్రో మీకే అర్థమైతది.

చేర్పించే ముందు మీ బాబుకు ఏ వాయిద్యం ఇస్తరో కనుక్కోండి. పండ్లకు క్లిప్పులుంటే ట్రంపెట్ వద్దు, పెదవి లోపలంత కోసుకుపోతది. బేస్ డ్రమ్ ఇస్తమంటే బక్కపిల్లగాడైతే నడుం పట్టుకుంటది, సైడ్ డ్రమ్ అడగండి. మోకాలికి పాత దుప్పటి గుడ్డ చుట్టి పంపండి, పసుపు మాత్రం రాయకండి.