వైజాగ్‌లో ఏ ఏరియా అని ఇంట్లో రోజూ గొడవే!

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మావారికి అచ్యుతాపురం సెజ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో బడులు తెరిచేలోపు మేం విశాఖపట్నం మారిపోవాలి. పాప నాలుగో తరగతి అయింది. బాబుకి నాలుగున్నరేళ్లు, చలికాలం వస్తే పిల్లికూతలు. అత్తయ్య మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మావారు మధురవాడలో ఫ్లాట్ కొనేద్దామంటున్నారు. స్నేహితుడు అక్కడే ఉన్నాడట, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందట, ఈ నెలాఖరులోపు అడ్వాన్స్ ఇస్తే రేటు తగ్గిస్తారట. నాకేమో అక్కావాళ్లు ఉండే ఎంవీపీ కాలనీలో ఉండాలని ఉంది. అత్తయ్య సింహాచలం కొండ కింద అయితేనే వస్తానంటున్నారు. కంపెనీ బస్సు గాజువాక, ఎన్ఏడీ మీదుగా మద్దిలపాలెం వరకే వస్తుంది. మూడు వారాలుగా ఇదే గొడవ. నేనిక్కడ ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఎలాగూ మానేస్తున్నాను, చిన్న ఉద్యోగమే కాబట్టి అదేం సమస్య కాదు. పిల్లలతో ఉండడానికి ఏ ఏరియా మంచిదో చెప్పండి.
– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి మూడు ఏరియాల పేర్లు కనిపించాయి. రెండోసారి ‘చిన్న ఉద్యోగమే కాబట్టి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఇంటి గొడవ చూద్దాం.

మీవారు సముద్రం అడుగుతున్నారు, మీరు అక్కని అడుగుతున్నారు, మీ అత్తగారు సింహాచలం అప్పన్నస్వామిని అడుగుతున్నారు. ముగ్గురి కోరికలూ న్యాయమైనవే. కొత్త ఊరు వెళ్తున్నామన్న బెంగ ముగ్గురికీ ఉంది. ఎవరికి వాళ్లు ఏదో ఒకటి గట్టిగా పట్టుకుంటున్నారు. కాబట్టి ‘మీరు మొండి, మీరు స్వార్థం’ అనే మాటలు ఇంట్లో ఇవాళ్టితో ఆపేయండి. అయితే ఈ ముగ్గురిలో ఎవరూ ఇంకా ఒక మామూలు మంగళవారం గురించి ఆలోచించలేదు. ఆ రోజు పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా మీ ఇంట్లో ఎవరు ఎక్కడ ఉంటారో కాగితం మీద రాయండి. నిజంగా రాయండి, మనసులో అనుకుంటే సరిపోదు.

మీవారి సంగతి తీసుకుందాం. వైజాగ్ పొడుగ్గా సాగిన ఊరు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు, నడుమ జాతీయ రహదారి. గాజువాక నుంచి ఎన్ఏడీ కూడలి, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ దాటుకుంటూ వెళ్తే మధురవాడ. అంటే ఆయన కొనాలనుకుంటున్న ఫ్లాట్ ఊరికి ఈ కొసన ఉంది. అచ్యుతాపురమేమో ఆ కొస కూడా దాటాక వస్తుంది. మధ్యలో దాదాపు 50 కిలోమీటర్లు. బస్సు మద్దిలపాలెం వరకే కాబట్టి రోజూ తెల్లవారుజామున అక్కడిదాకా బండి మీద రావాలి, రాత్రి మళ్లీ అంత దూరం వెళ్లాలి. పిల్లలు లేవకముందే వెళ్లి, అన్నం తిని పడుకునే వేళకి వస్తారు. ఆ బాల్కనీలోంచి ఆయన సముద్రం చూసేది ఆదివారాలే. మధురవాడని నేను తక్కువ చేయడం లేదు. రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి అది చాలా అనువైన చోటు. మీవారి ఉద్యోగానికి మాత్రం అది తగదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పాతికేళ్ల కిందట మేం ఈ ఊరు వచ్చినప్పుడు నేనూ సముద్రం చూసే మోసపోయాను. ఆదివారం సాయంత్రం ఇల్లు చూశాం. బీచ్‌కి రెండు వీధుల అవతల, చల్లటి గాలి, వీధంతా ప్రశాంతం. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాం. మొదటి వారంలోనే కందిపప్పు కుక్కర్లో ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకలేదు. బోరు నీళ్లు ఉప్పు. తర్వాత కొన్ని నెలలకి బీరువా తలుపు తెరిస్తే కీచుమని చప్పుడు, కింది మడతబందు దగ్గర గోధుమరంగు పొడి రాలేది. గ్యాస్ స్టవ్ కాళ్లు, కిటికీ గ్రిల్స్, మా అబ్బాయి మూడుచక్రాల సైకిల్, ఒక్కటీ తుప్పుకి మిగల్లేదు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాం. సర్దుకోలేకపోయింది ఆ ప్రశాంతతతోనే. వీధిలో ఉన్నవన్నీ ఆఫీసులు, గెస్ట్‌హౌస్‌లు. మావాడు రోజూ సాయంత్రం గేటు పట్టుకుని నిలబడేవాడు. ఆడుకోవడానికి ఒక్క పిల్లాడు లేడు. ఏడాది తిరిగేసరికి మర్రిపాలెం మారిపోయాం.

అందుకే ఇల్లు చూడ్డానికి వస్తే పని దినాన రండి. పొద్దున్న ఏడున్నరకి ఒకసారి, సాయంత్రం ఐదున్నరకి ఇంకోసారి. పొద్దున్న అయితే స్కూలు ఆటోలు ఆ వీధిలోకి వస్తున్నాయా, పిల్లలు హైవే దాటాల్సి వస్తోందా అని చూడండి. హైవే దాటి వెళ్లే బడి ఎంత మంచిదైనా తొమ్మిదేళ్ల పాపకి వద్దు. సాయంత్రం ఏమీ అడగకుండా పది నిమిషాలు నిలబడండి చాలు. సైకిళ్లు తిరుగుతున్నాయా, గుమ్మాల ముందు పెద్దవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారా, మిమ్మల్ని చూసి ‘ఎవరి కోసమమ్మా’ అని ఎవరైనా పలకరించారా. అలా పలకరించే వీధిలో పిల్లల మీద పది కళ్లు ఉంటాయి.

ఇంటి ఓనర్‌ని అడిగే ప్రశ్నలు ఎలాగూ అడుగుతారు. అంతకంటే ముందు వీధి మొదట్లో ఇస్త్రీ బండి అతన్నీ, కిరాణా కొట్టామెనీ పలకరించండి. కుళాయి నీళ్లు ఎన్నింటికి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, ఎండాకాలం ట్యాంకర్ పిలవాల్సి వస్తుందా, వాన పడితే గెడ్డ పొంగుతుందా, ఇవన్నీ వాళ్లు దాపరికం లేకుండా చెప్తారు. మీది గోదావరి జిల్లా కాబట్టి చెప్తున్నాను, ఇక్కడ గెడ్డ అంటే కొండల మీంచి వాన నీళ్లు దిగే వాగు. ఊళ్లో చాలాచోట్ల అది మురుగుకాలవలా కనిపిస్తుంది. ఎండాకాలంలో చూస్తే ఇందులో నీళ్లా అనిపిస్తుంది. అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు దాని అసలు రూపం తెలుస్తుంది. గెడ్డని ఆనుకున్న ఇల్లు, కొండవాలుని తవ్వి కట్టిన ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా వద్దనండి. గోడల అడుగున చెమ్మ గీత ఉందేమో చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే పక్కింటి గోడ చూడండి.

బాబు పిల్లికూతల గురించి కూడా ఆలోచించాలి. పోర్టుకి దగ్గరగా ఉన్న వన్‌టౌన్ వైపు బొగ్గు పొడి బాధ ఎప్పట్నుంచో ఉన్నదే. మల్కాపురం, సింధియా, గాజువాక చుట్టుపక్కల పరిశ్రమలు ఎక్కువ. గాజువాక మీవారికి దగ్గర, అద్దెకి ఇళ్లూ దొరుకుతాయి. బాబుకి ఈ ఇబ్బంది లేకపోతే నేను ముందు ఆ పేరే చెప్పేదాన్ని. ఏ ఇల్లు చూసినా కిటికీ అంచు మీద వేలితో రాసి చూడండి. మామూలు దుమ్ము వేరు, నల్లగా జిడ్డుగా అంటుకునేది వేరు. బాబుని చూసే డాక్టర్‌ని కూడా ఒక మాట అడగండి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే స్పృహ తప్పిపోయారు. ఆ రోజు నుంచి ఈ ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఇల్లు తీసుకునే ముందు చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఏ ఫ్యాక్టరీ ఉందో మ్యాప్‌లో చూసుకుంటున్నారు. మీరూ చూసుకోండి.

నన్నడిగితే మీరు చూడాల్సిన చోటు మీ ముగ్గురి జాబితాలోనూ లేదు. మురళీనగర్, మాధవధార, మర్రిపాలెం వైపు వెతకండి. మేమున్న చోటని చెప్పడం లేదు, మీ మంగళవారానికి అది సరిపోతుందని చెప్తున్నాను. ఎన్ఏడీ పక్కనే కాబట్టి కంపెనీ బస్సు అక్కడే ఎక్కేయొచ్చు. పాత కాలనీలు కనుక సంసారాలు ఎక్కువ, వీధుల్లో పిల్లలు కనిపిస్తారు. కూరగాయలకి కంచరపాలెం రైతుబజార్ ఉంది. ఎంవీపీ కాలనీకి హైవే మీద తిన్నగా వెళ్లిపోవచ్చు. అక్క పక్క వీధిలో లేకపోయినా అరగంటలో మీ ఇంట్లో ఉంటుంది. ఒక్కోసారి ఆ అరగంట దూరమే అక్కాచెల్లెళ్ల మధ్య ప్రేమని కాపాడుతుంది కూడా. ఇక ఎంవీపీలోనే ఉండాలంటే, ఆ ఏరియాకి వంక పెట్టడానికేం లేదు. సెక్టార్లుగా వేసిన కాలనీ, రైతుబజార్, పార్కులు, దగ్గర్లో బీచ్. అద్దె మీకు అందుబాటులో ఉండి, మద్దిలపాలెంలో బస్సెక్కడం మీవారికి కష్టం కాకపోతే అదీ మంచిదే. నా లెక్కలో అది రెండోది.

మీ అత్తగారికి చెప్పాల్సిన మాట ఇది. ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆ నడిచేవాళ్లు మాధవధార మీదుగా, ఎన్ఏడీ మీదుగానే వెళ్తారు. ఆ రాత్రి దారి పొడవునా మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర పంచుతారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ నడవలేకపోవచ్చు. కానీ దారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని నడిచేవాళ్లకి మజ్జిగ గ్లాసు అందించవచ్చు. మాధవధారలో కొండ కింద గుడి ఉంది. అది కూడా ఆ సింహాద్రి కొండే అని చెప్పండి. అయితే ఈ మాట మీరు చెప్తే వాదన అవుతుంది, మీవారు చెప్తే కబురవుతుంది. ఆయన చేతే చెప్పించండి. ఇంకొకటి, మేడ మీద ఇల్లయితే లిఫ్టుకి కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఉందో లేదో చూడకుండా ఒప్పుకోకండి.

ఫ్లాట్ కొనే విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. నెలాఖరు దాటితే రేటు పెరుగుతుందని తొందరపెట్టేవాళ్ల దగ్గర ఏ ఊళ్లోనూ ఏమీ కొనకూడదు. ఒక ఏడాది అద్దెకి ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడండి. ఆయన ఉద్యోగం కుదురుకోనీయండి. ‘మధురవాడ వద్దు’ అని మొదలుపెట్టకండి. ‘ఏడాది తర్వాత కొందాం, అప్పుడు ఇద్దరం కలిసి వెతుకుదాం, అప్పటిదాకా రోజూ రాత్రి మీరు పిల్లలతో కలిసి అన్నం తినాలని ఉంది’ అనండి. ఆయన కలని కాదనడం లేదని తెలిస్తే వింటారు. మధ్యలో ఆదివారాలు భీమిలి రోడ్డు మీద తిప్పమనండి, సముద్రం ఎక్కడికీ పోదు.

ఇళ్లు చూసేటప్పుడు కొందరు ఓనర్లు గేటు దగ్గరే ‘మీరేమిట్లు’ అని అడుగుతారు. ఇంకా గదులు కూడా చూపించకముందే కులం అడిగే ఇంట్లో మీ పిల్లలు స్వేచ్ఛగా తిరగలేరు. చెప్పుల జత విప్పకుండానే తిరిగి వచ్చేయండి, అద్దె ఎంత తక్కువైనా సరే.

మంచి వీధి అంటే ఏమిటో నాకు తెలిసింది 2014 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక చూస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. కరెంటు రోజుల తరబడి రాలేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ దొరకడమే గగనమైంది. మా వెనక వీధిలో ఒక ఇంట్లో పాత చేతిపంపు ఉంది. ఆ ఇంటి పెద్దాయన గేటు తీసిపెట్టేశారు. తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా బిందెలు, బకెట్లు, పప్పు గిన్నెలతో సహా వరస. పసిపిల్లలున్న వాళ్లని ముందుకి పంపమని ఆయన పంపు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. నాకు అంతకుముందు ఆయన పేరు కూడా తెలియదు. అలాంటివాళ్లు ఉన్న వీధి ఏదో ఇంటర్నెట్‌లో తెలియదు. మీ అక్కని, మీవారి కొత్త ఆఫీసులో ఇప్పటికే కాపురాలున్న వాళ్లని అడగండి. ‘ఏరియా ఎలా ఉంటుంది’ అని కాదు, ‘హుద్‌హుద్‌లో, కరోనాలో మీ వీధివాళ్లు ఏం చేశారు’ అని అడగండి.

ఇప్పుడు మీ విషయం. మూడు వారాలుగా ఇంటి గురించి పోట్లాడుతున్నారు కానీ మీ ఉద్యోగం గురించి ఎవరైనా ఒక్క పూటైనా మాట్లాడారా? జీతం చిన్నది కావచ్చు. రోజూ చీర కట్టుకుని, టిఫిన్ బాక్సు పెట్టుకుని వెళ్లి, పిల్లలు ‘టీచర్’ అని పిలిస్తే పలికిన జీవితం చిన్నది కాదు. మీరు అక్క పక్కనే ఉండాలని అంత పట్టుబట్టడానికి కారణం అదేనేమో ఆలోచించండి. కొత్త ఊళ్లో మీకంటూ ఒక పలకరింపు లేకుండా పోతుందన్న భయం. మీ మంగళవారం కాగితంలో పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా మీ పేరు పక్కన ఏం రాశారో చూసుకోండి. ఖాళీగా ఉంటే ఆ ఖాళీని మీవారికి చూపించండి. కోపంతో వద్దు, చూపించండి చాలు.

ప్రైవేటు స్కూళ్లు కొత్త టీచర్లని తీసుకునేది సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లోనే. చాలాచోట్ల టీచర్ల పిల్లలకి ఫీజులో రాయితీ కూడా ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి. మీ స్కూలు మానేసే ముందు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోండి, పాప టీసీతో పాటే. పాప కోసం ఏ బడికి వెళ్లినా అడ్మిషన్ గురించి అడిగాక మీ గురించి కూడా అడగండి. ఇల్లు వెతకడానికి వైజాగ్ బయల్దేరినప్పుడు పాపని వెంట తీసుకురండి, ఏ వీధిలో ఆడుకోవాలనిపిస్తోందో అది చెప్తుంది. మీ సర్టిఫికెట్ల ఫైలు కూడా సంచిలో పెట్టుకోండి.