డాబా సోలార్ మీద థర్మల్ బూడిద

ప్రశ్న: మాది ఇబ్రహీంపట్నం. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. థర్మల్ కేంద్రం బూడిద పడి కరెంటు తగ్గుతోంది. ఎవరికి చెప్పాలి?

జవాబు: ముందు బూడిద వల్లేనా అన్నది తేల్చుకోండి. చూడాల్సింది సోలార్ ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) రీడింగు, నెట్ మీటరుది కాదు. నెట్ మీటరు లైనుకు పంపిన, లైను నుంచి తీసుకున్న కరెంటునే లెక్కిస్తుంది; ఇంట్లో వాడేసిన సోలార్ కరెంటు దాని లెక్కకు రాదు. మంచి ఎండకు రోజుకు 12 యూనిట్లు అటూఇటూగా రావాలి. కడిగిన మర్నాడు పెరిగిందంటే దోషం బూడిదదే.

పొద్దెక్కకముందే మెత్తటి స్పాంజితో కడగండి. ఎండకు కాలిన ప్యానెల్ అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. ఉప్పు బోరు నీళ్లయితే తెల్లమరకలు మిగులుతాయి. మంచుకు తడిసి ఆరిన బూడిద అట్టకడుతుంది. నానబెట్టాలే తప్ప గోకకండి, గీతలు పడతాయి.

ఫిర్యాదు కరెంటాఫీసులో ఇస్తే వృథా. 1981 వాయు కాలుష్య చట్టం కింద ఇది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పని. తేదీ, వేళ, ఫొటోలు జతచేయండి. బూడిద చెరువు (కేంద్రం బూడిదను నిల్వచేసే చోటు) నుంచి లేస్తోందా, టార్పాలిన్ కప్పని లారీల నుంచా అన్నదీ రాయండి. చెరువుకైతే నీళ్లు చల్లించాలి, లారీలనైతే ఆపాలి.