పాఠకుల సందేహాలు: యూఎస్‌బీ దారిలో జీపీఎస్ పల్సు ఎందుకు జారుతోంది?

ప్రశ్న: లినక్స్ కంప్యూటర్‌కి జీపీఎస్ రిసీవర్‌ను యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్‌తో తగిలించి, సెకనుకోసారి వచ్చే పీపీఎస్ పల్సును డీసీడీ పిన్‌కి (సీరియల్ పోర్టులో సిగ్నల్ వచ్చిందని తెలిపే పిన్) కలిపాను. పల్సు టైమును చూపే పీపీఎస్‌టెస్ట్ ప్రోగ్రాంలో టైము మెల్లగా జారుతూ 1 మిల్లీ సెకను దాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తోంది. ఎఫ్‌టీడీఐ కంపెనీ కన్వర్టర్ చిప్ కొని లేటెన్సీ టైమర్ 1 పెడితే మైక్రో సెకన్లకు దిగుతుందా?

జవాబు: దిగదండి. ఏ చిప్ కొన్నా అడ్డం పడేది యూఎస్‌బీ పద్ధతే. పాత సీరియల్ పోర్టులో డీసీడీ లేవగానే ప్రాసెసర్‌కి ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి చూడమనే పిలుపు) వెళ్తుంది, లినక్స్ కెర్నెల్ కొద్ది మైక్రో సెకన్లలో టైమ్‌స్టాంప్ వేస్తుంది. యూఎస్‌బీలో మాత్రం కంప్యూటర్ అడిగితేనే పరికరం చెప్పాలి. ‘ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫర్’ అన్నది పేరుకే, అదీ అడిగి తెలుసుకునేదే. ఫుల్‌స్పీడ్ అనే యూఎస్‌బీ వేగంలో దాని వంతు 1 మిల్లీ సెకనుకు ఒకసారి వస్తుంది. పల్సు మధ్యలో వస్తే తర్వాతి వంతు దాకా ఆగాల్సిందే, డ్రైవర్ టైమ్‌స్టాంప్ వేసేదేమో ఆ కబురు చేరాక.

మీరు చూస్తున్న జారుడు అక్కడిదే. ఈ 1 మిల్లీ సెకను వంతుల (ఫ్రేముల) లెక్క కంప్యూటర్ గడియారపు క్రిస్టల్‌ది, పల్సు లెక్క ఉపగ్రహాలది. రెంటికీ పది లక్షలకు 20 వంతుల తేడా ఉంటే, ఆలస్యం సెకనుకు 20 మైక్రో సెకన్ల చొప్పున జరుగుతూ 50 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. సగటు అర మిల్లీ సెకనును ఆఫ్‌సెట్‌తో సర్దొచ్చు గానీ ఈ ఊగిసలాట పోదు.

లేటెన్సీ టైమర్ సంగతి వేరు. కొద్దిపాటి డేటాను చిప్ ఎంతసేపు పట్టి ఉంచాలన్నది అది చెబుతుంది, మామూలుగా 16 మిల్లీ సెకన్లు. తగ్గిస్తే ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాలు (రిసీవర్ టైము, స్థానం చెప్పే అక్షరాల వరసలు) త్వరగా అందుతాయి. డీసీడీ మారితే ఆ చిప్ ఎలాగూ టైమర్ కోసం ఆగదు. హైస్పీడ్ చిప్ అయితే వంతు (మైక్రోఫ్రేమ్) 125 మైక్రో సెకన్లు, కాస్త మెరుగు.

లాగ్ ఫైళ్ల టైముకైతే ఇప్పుడున్నది చాలు. మైక్రో సెకన్లే కావాలంటే ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్‌కి మారండి. పీపీఎస్ తీగను 12వ పిన్‌కి, అంటే జీపీఐఓ 18కి, గ్రౌండ్‌ను 6వ పిన్‌కి కలపండి. ముందు ఆసిల్లోస్కోప్‌తో పల్సు 3.3 వోల్టులు దాటడం లేదని చూసుకోండి. 5 వోల్టులు తగిలితే పిన్ కాలిపోవచ్చు. కాన్ఫిగ్ ఫైల్లో పీపీఎస్-జీపీఐఓ ఓవర్లేకి (ఆ పిన్‌పై పల్సు చదివే డ్రైవర్‌ను ఆన్ చేసే సెట్టింగ్) పిన్ నంబరు 18 ఇచ్చి రీబూట్ చేయండి. ఎన్‌ఎమ్‌ఈఏ యూఎస్‌బీలోనే రానివ్వండి, అది ఏ సెకనో చెబితే చాలు. టైము సరిచేసే క్రోనీ ప్రోగ్రాంలో దానికి ‘నోసెలెక్ట్’ (దాన్నే నేరుగా టైముకు వాడొద్దని) పెట్టి, పీపీఎస్‌ను దానికి లాక్ చేయండి. 9600 బాడ్‌లో 480 అక్షరాలకే అర సెకను పడుతుంది కాబట్టి, ఎన్‌ఎమ్‌ఈఏ ఆఫ్‌సెట్‌ను కొలిచి రాయకపోతే పల్సు పక్క సెకనుకు అంటుకోవచ్చు.