మొనాకో లాంటి ఇరుకు సర్క్యూట్‌లో రేసు కారు నడపడం ఎందుకంత కష్టం?

చిన్న తప్పు జరిగినా సర్దుకోవడానికి చోటు లేకపోవడమే అసలు కారణం. 3.337 కిలోమీటర్ల ల్యాప్‌లో 19 మలుపులు, అలాంటివి 78 ల్యాప్‌లు. చాలాచోట్ల రోడ్డు అంచు దాటితే ఇనుప బ్యారియరే.

పైగా నెమ్మది మలుపుల్లో వింగ్‌లు, అంటే కారు ముందూ వెనకా ఉండే రెక్కలు, పెద్దగా ఆదుకోవు. కారును నేలకు అదిమే గాలి బలం వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది: గంటకు 200 కి.మీ. దగ్గర ఉన్న బలంలో 50 దగ్గర మిగిలేది పదహారో వంతే. అప్పుడిక టైర్లు, సస్పెన్షనే దిక్కు.

హోటల్ ముందున్న హెయిర్‌పిన్‌నే, అంటే దాదాపు వెనక్కి తిరిగే మలుపునే చూడండి. అక్కడ వేగం దాదాపు 50కి పడిపోతుంది. ఫార్ములా వన్‌లో అంతకంటే నెమ్మది మలుపు లేదు. మామూలు స్టీరింగ్ అమరికతో అది తిరగదు, అందుకే ముందు చక్రాలు ఎక్కువ తిరిగేలా టీములు భాగాలు మారుస్తాయి. బయటికొచ్చేటప్పుడు యాక్సిలరేటర్ రవ్వంత ముందు తొక్కినా వెనక చక్రాలు గిర్రున తిరిగి కారు వెనకభాగం జారిపోతుంది.

వేగం తక్కువ కాబట్టి తేలిక అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. 1988లో ఇక్కడే దిగ్గజ డ్రైవర్ అయర్టన్ సెన్నా అంతటివాడు, అందరికంటే ఎంతో ముందుండి, 67వ ల్యాప్‌లో పోర్టియే మలుపు దగ్గర బ్యారియర్‌ను గుద్దేశాడు.