నాణేలను గ్రేడింగుకు పంపే ముందు మేనల్లుడికి ఒక లేఖ

పెరంబూర్, చెన్నై.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ తాతయ్య హార్లిక్స్ సీసాలో దాచిన చిల్లర, నీవు ఈ రెండేళ్లలో కొన్న ప్రూఫ్ సెట్లు (సేకరించేవాళ్ల కోసం టంకశాల ప్రత్యేకంగా, అద్దంలా మెరిసేటట్లు అచ్చువేసేవి), ఎన్.టి.ఆర్. శతజయంతి నాణెం అన్నీ కలిపి 43 నాణేలను అమెరికాకు గ్రేడింగుకు, అంటే నాణెం స్థితికి అంకె వేయించడానికి, పంపదలిచానని, ఫారం ఎలా నింపాలో చెప్పమని అడిగావు. ఫారం నింపడం అరగంట పని. ఏ నాణేన్ని పంపకూడదో తేల్చుకోవడానికి మాత్రం నెల పట్టినా పట్టవచ్చు. నీవు పంపిన జాబితా చూశాక, ఆ 43లో పంపదగినవి ఐదారుకు మించి ఉండవని నాకు తోస్తున్నది. ఎందుకో వివరంగా వ్రాస్తున్నాను. కాస్త ఓపికతో చదువు.

ముందుగా జాబితాలోంచి తీసివేయవలసిన దాని సంగతి. ఐదవ జార్జి బొమ్మ ఉన్న 1918 వెండి రూపాయిని కూడా చేర్చావు. నూరేళ్లు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు అవుతుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. గ్రేడింగ్ చేయించి తిరిగి తెప్పించుకుంటాను కదా అన్న సమాధానం అక్కడ చెల్లదు. ఆ రూపాయిని మీ అమ్మకు ఇచ్చి బీరువాలో పెట్టించు. ఇక ఈ లేఖలో నేను చెప్పేదంతా స్వతంత్ర భారత నాణేల గురించే.

గ్రేడింగ్ అంటే ఏమిటో నీకు తెలుసునని వ్రాశావు గానీ, నీ అంచనాలు చూస్తే తెలిసినట్లు లేదు. 1 నుంచి 70 వరకు ఉన్న ఆ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత పెద్ద సెంటు నాణేల కోసం తయారుచేశాడు. అమెరికాలోని రెండు గ్రేడింగ్ సంస్థలు, పి.సి.జి.ఎస్. 1986లో, ఎన్.జి.సి. 1987లో మొదలై దాన్ని అన్ని నాణేలకూ వాడుకలోకి తెచ్చాయి. చెలామణిలో అరగని నాణేలకు 60 నుంచి 70 వరకు ఉన్న పదకొండు మెట్లే వర్తిస్తాయి. అంకెకు ముందు మామూలు అచ్చుకు ఎం.ఎస్. (మింట్ స్టేట్) అని, ప్రూఫ్ అచ్చుకు పి.ఎఫ్. లేదా పి.ఆర్. అని చేరుస్తారు. ఆధునిక నాణేల బేరమంతా ఆ పదకొండు మెట్లలోనే, అందులోనూ పై నాలుగైదు మెట్లలోనే జరుగుతుంది. నీవు రుసుము కట్టి కొనుక్కునేది నాణెం అసలుదేనన్న హామీ, దాని స్థితిపై ఒక అభిప్రాయం, అది భద్రంగా కూర్చునే ప్లాస్టిక్ పెట్టె. నాణెం పోయేటప్పుడు ఎలా ఉన్నదో వచ్చేటప్పుడూ అలాగే ఉంటుంది.

కనుక ఆ అభిప్రాయాన్ని ముందు నీవే ఏర్పరచుకోవాలి. పడకగది ట్యూబులైటు కింద ఏ నాణెమైనా బాగానే కనిపిస్తుంది. మిగతా దీపాలన్నీ ఆర్పి, టేబుల్ లాంపులో ఒకే బల్బు పెట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరచి, నాణేన్ని అంచులతో మాత్రమే పట్టుకుని వెలుతురు కింద నెమ్మదిగా తిప్పు. అరగని నాణెంలో మెరుపు చక్రం ఆకుల్లాగా ముఖం మీద తిరుగుతుంది. ఆ మెరుపు ఎక్కడైనా తెగిందా అని చూడు. సింహాల చెక్కిళ్లు, జూలు, ఎదురొమ్ము ముందుగా అరిగే ఎత్తైన చోట్లు. నెహ్రూ బొమ్మ ఉన్న 1964 రూపాయిలో అయితే ఆయన చెక్కిలి. అక్కడ నునుపుగా కనిపించినంత మాత్రాన అరిగిందని అనుకోకు, ఎందుకంటే మన టంకశాలల్లో అచ్చు సరిగా పడని నాణేలు చాలా ఉన్నాయి. ఆ నునుపు మీద కూడా మెరుపు నిలిచి ఉంటే అచ్చు బలహీనత, మెరుపు పోయి రంగు మారి ఉంటే అరుగుదల. ఈ తేడా కంటికి పట్టడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది. తరువాత భూతద్దంతో చూడు. ఐదు రెట్లు చాలు, ఎందుకంటే 70 అంటే ఐదు రెట్లు పెంచి చూసినా తయారీ తరువాత ఏర్పడిన లోపం కనిపించని నాణెమని ఎన్.జి.సి. చెబుతుంది. పది రెట్ల అద్దంతో చూస్తే ప్రతి నాణెమూ దెబ్బలు తిన్నట్లే కనిపించి నీకు దిగులు పుడుతుంది.

లోహాన్ని బట్టి కూడా చూపు మారాలి. మీ తాతయ్య సీసాలోని అల్యూమినియం పైసలు, ఆ ఆరుపలకల 3 పైసలు, అంచు వంపులు తిరిగిన 10 పైసలు, ఎంత మెత్తనివంటే సంచిలో ఒకదానికొకటి తగిలినా గాటు పడుతుంది. అవి ఏళ్ల తరబడి సీసాలో గలగలమన్నాయి. వాటిని చూసి మురిసిపో, పంపకు. తామరపువ్వు ఉన్న పసుపు రంగు 20 పైసలకు వేలిముద్రలే శత్రువు; చెమట చేతితో ముట్టుకున్న ముద్ర కొన్నాళ్లకు లోహంలోకి దిగి గోధుమ రంగు చారలా నిలిచిపోతుంది. స్టీలు రూపాయలు గట్టివే గానీ కోట్ల సంఖ్యలో వచ్చాయి, గ్రేడింగ్ ఖర్చు తిరిగి రాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. 1969లో గాంధీజీ శతజయంతికి వచ్చిన పది రూపాయల నాణెం, 80 శాతం వెండిది, 15 గ్రాములది, నా దగ్గర అచ్చు పోసినట్టు కొత్తగా ఉండేది. కాస్త నల్లబడిందని, దేవుడి గదిలో వెండి కుందులు తోమినట్లే విభూతి అద్ది మెత్తటి పంచెతో తుడిచాను. తళతళ మెరిసింది. ఎంతో సంతోషించి గ్రేడింగుకు పంపితే, అంకె లేకుండా ‘డీటెయిల్స్, క్లీన్డ్’, అంటే తోమిన నాణెం, అన్న మాటతో తిరిగి వచ్చింది. రుసుము మాత్రం పూర్తిగా తీసుకున్నారు, న్యాయమే. విభూతి గీసిన సన్నని గీతలు ఆ ఒంటి బల్బు కింద సాలెగూడులా కనిపిస్తాయి; ఇప్పటికీ ఆ పెట్టెను అలమారాలో ఎదురుగా పెట్టుకున్నాను. చింతపండు, పళ్లపొడి, సబ్బు, విభూతి, వెండి పాలిష్ అన్నీ ఒకటే. సహజంగా ఏర్పడిన నల్లదనం, ఇంద్రధనుస్సు ఛాయ లోపం కాదు. కొన్ని వెండి నాణేలకు దానివల్లే ధర పెరుగుతుంది.

నాణేన్ని శుభ్రం చేయకూడదన్న దానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. మెత్తటి పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి ఉన్న నాణేల మీద పచ్చని జిగురు పడుతుంది. సముద్రపు గాలి తగిలే మన చెన్నైలో ఇది త్వరగా వస్తుంది, నీ బెంగళూరులో కాస్త ఆలస్యమవుతుంది అంతే. ఆ జిగురును స్వచ్ఛమైన అసిటోన్ కరిగిస్తుంది, లోహాన్ని మాత్రం ఏమీ చేయదు. గోళ్ల రంగు తుడిచే ద్రవం అసిటోన్ కాదని గుర్తుంచుకో, అందులో వేరే పదార్థాలు కలుపుతారు. గాజు గిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, దగ్గరలో మంట లేకుండా చూసుకుని, నాణేన్ని అందులో వేసి రుద్దకుండా వదిలేయాలి. మళ్లీ కొత్త అసిటోన్‌లో ముంచి తీసి, దానంతట అది ఆరనివ్వాలి. పచ్చదనం కింద లోహం తినేసి ఉంటే అసిటోన్ కూడా చేయగలిగింది లేదు. అప్పుడు ఆ నాణేన్ని జాబితాలోంచి కొట్టివేయి.

ఎన్.టి.ఆర్. నాణెం సంగతి వేరుగా ఆలోచించాలి. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఆ వంద రూపాయల నాణెం 44 మిల్లీమీటర్ల వెడల్పున్నది, అందులో సగం వెండి. మన తెలుగువాళ్లు దాన్ని టంకశాల ఇచ్చిన పెట్టెతో సహా దాచుకుంటారు, కొనేవాడూ పెట్టెతో సహా అడుగుతాడు. గ్రేడింగుకు పంపాలంటే ఆ ప్యాకింగ్ విప్పి నాణేన్ని వేరు చేయక తప్పదు. 69 వచ్చిందా, అటు పెట్టె పోయి ఇటు 70 రాక రెండు విధాలా నష్టపోతావు. ప్రూఫ్ సెట్లదీ ఇదే లెక్క. అద్దంలాంటి నేల మీద బొమ్మ తెల్లగా మంచు పట్టినట్లు తేలితే కామియో అంటారు, అలాంటి ఒక్క నాణెం కోసం సెట్టంతా విడగొట్టడం ఎంతవరకు లాభమో విప్పక ముందే కాగితం మీద వేసుకో. ప్లాస్టిక్ మీద గీత ఉన్నదా, నాణెం మీద ఉన్నదా అన్న అనుమానం వస్తే, ప్యాకెట్‌ను పక్కకు వంచి చూడు: ప్లాస్టిక్ మీది గీత నాణెం బొమ్మ మీద జరుగుతుంది, నాణెం మీది గీత కదలదు.

లెక్క అన్నాను కనుక అదీ చూద్దాం. నాణేనికి కట్టే రుసుముతో ఖర్చు ఆగిపోదు. సభ్యత్వం లేదా ఏజెంటు కమీషన్, రానుపోను రవాణా, బీమా, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ ఖర్చులు అన్నీ కలిపి ఒక నాణేనికి, మాట వరుసకు, 3,500 రూపాయలు అయ్యాయనుకో. నీవు 300కు కొన్న రూపాయి నాణేనికి 65 వస్తే 2,000, 67 వస్తే 9,000 పలుకుతుందనుకో. అప్పుడు 67 వచ్చే అవకాశం గట్టిగా ఉంటేనే పంపాలి. నీ నోట్ బుక్కులో నీవే 65 అని వ్రాసుకున్న నాణేన్ని ఎందుకు పంపుతావు? ఒక సంగతి అడిగి తెలుసుకో: నీవు కోరిన కనీస గ్రేడు రాకపోతే పెట్టె వేయకుండా తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, అయినా రుసుము కట్టవలసిందే.

ఇక్కడ చాలామంది కుర్రవాళ్లు పడే గోతిని చూపిస్తాను. రెండు సంస్థలూ ఏ నాణేనికి ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చామో లెక్క ప్రచురిస్తాయి. నీవు చూసుకున్న నాణేనికి ప్రపంచంలో 67 రెండే ఉన్నాయని, కనుక అది అపురూపమని ఉత్తరంలో వ్రాశావు. అమెరికా డాలరు నాణేలకు ఆ లెక్క కొంత అర్థవంతం, ఎందుకంటే అక్కడ దశాబ్దాలుగా లక్షలకొద్దీ పంపారు. మన గణతంత్ర నాణేలను పంపినవాళ్లే తక్కువ. రెండే ఉన్నాయంటే ఇద్దరే పంపారని అర్థం కావచ్చు. ఎవరి దగ్గరో టంకశాల సీలు విప్పని సంచి ఉండి, అందులోంచి ముప్పై నాణేలు ఏరి పంపితే, నీవు పెద్ద ధర పెట్టి కొన్న అపురూపం మరుసటి ఏడాదికి మామూలై కూర్చుంటుంది. లెక్క చూడవద్దని కాదు. ఆ నాణెం ఎన్ని అచ్చయిందో, ఏ టంకశాలదో, పాత సంచులు బజారులో ఇంకా దొరుకుతున్నాయో లేదో తెలుసుకుని ఆ పక్కన దాన్ని పెట్టి చూడు. తేదీ కింద వజ్రం ముంబైదని, నక్షత్రం హైదరాబాదుదని, చుక్క నోయిడాదని, గుర్తు లేకపోతే కోల్‌కతాదని నీకు తెలుసు. ఒకే సంవత్సరపు నాణెంలో ఒక టంకశాలది విరివిగా, ఇంకొక టంకశాలది కరువుగా ఉండడం మామూలే.

పంపే పద్ధతి ఇక త్వరగా చెబుతాను. రెండు సంస్థలకూ తమ అధీకృత డీలర్ల జాబితా ఉంటుంది. ఎవరి ద్వారా పంపుతావో వారి పేరు అందులో ఉన్నదో లేదో చూసుకుని, రవాణాలో పోతే ఎవరు భరిస్తారో, కస్టమ్స్ ఎవరు చూసుకుంటారో వ్రాతపూర్వకంగా తీసుకో. ఒకసారి నేను నోటి మాట నమ్మి ఒక మధ్యవర్తికి పది నాణేలు ఇచ్చి పదకొండు నెలలు తిరిగాను. చాలా కొరియర్ సంస్థలు నాణేలను స్వీకరించవు. లోపల బొత్తాలున్నాయని వ్రాసి పంపే తెలివి చూపించకు, పోతే బీమా రాదు, పట్టుకుంటే సంజాయిషీ చెప్పుకోవాలి. ఫారంలో దేశం, విలువ, సంవత్సరం, టంకశాల, లోహం స్పష్టంగా వ్రాయి. ప్రకటించే విలువను రుసుము తగ్గుతుందని తగ్గించకు. పరిహారం ఆ విలువను బట్టే వస్తుంది. అట్టలో పెట్టి స్టేపిల్ కొట్టిన నాణేలను బయటికి తీసేటప్పుడు ముందు పిన్నులన్నీ పీకేయి. ఆ పిన్ను మొన గీసిన గీతతో 66 కాస్తా 62 అయిన నాణెం నాకు తెలుసు. పి.వి.సి. లేని మైలార్ అనే ప్లాస్టిక్ కవర్లలో ఒక్కొక్కటి పెట్టి, ఫారంలోని వరుస సంఖ్యను కవరు మీద వేసి, అదే వరుసలో అట్టల మధ్య బిగించు. పెట్టెను చెవి దగ్గర ఆడిస్తే చప్పుడు కాకూడదు. బొమ్మ, బొరుసు, అంచు ఫొటోలు తీసి, ప్రతి నాణెం బరువు వ్రాసి పెట్టుకో.

నాణేలు తిరిగి వచ్చినప్పుడు పెట్టెల మీది అంకెలు చూడకుండా ముందు నీ నోట్ బుక్కు తెరువు. నీవు వేసిన గ్రేడు పక్కన వాళ్లు ఇచ్చిన గ్రేడు వ్రాయి. రెండు మెట్లకు మించి తేడా ఉన్న నాణేన్ని మళ్లీ ఒంటి బల్బు కింద పెట్టి, వాళ్లు చూసినదేమిటో వెతుకు. నా మొదటి విడతలో ఎనిమిదింట ఐదు నేను అనుకున్న దానికంటే తక్కువే వచ్చాయి. రెండో విడతకు నేను పంపినవే నాలుగు.

ఈ నెలాఖరులోగా నీవు ఎంచుకున్న ఐదింటి ఫొటోలు, నీ గ్రేడుతో సహా నాకు పంపు. ఎందుకు ఆ గ్రేడు వేశావో ఒక్కొక్కదానికి రెండు వాక్యాలు వ్రాయి. ఎన్.టి.ఆర్. నాణెం పెట్టెను మాత్రం నేను వచ్చి చూసేదాకా విప్పకు.

ఇట్లు,
మామయ్య