మ్యాట్రిక్స్ థియరీలో పీహెచ్‌డీ చేయడానికి కొత్త ప్రాబ్లమ్స్ ఇంకా ఉన్నాయా?

ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయిపోయింది, లీనియర్ ఆల్జీబ్రా అంటే ఇష్టం, కానీ "అందులో చేయడానికి ఇంకేముంది, అంతా ఎప్పుడో తేలిపోయింది" అని సీనియర్లు అంటున్నారని రాశారు. నేను ఈ సబ్జెక్టులోనే పీహెచ్‌డీ చేశాను, ఇప్పటికీ ఇందులోనే పనిచేస్తున్నాను. మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది, కానీ వాళ్ల మాట నిజం కాదు.

రెండు మ్యాట్రిక్సులను (వరుసలు, కాలమ్‌లుగా అమర్చిన అంకెల పట్టికలను) గుణించడమే తీసుకోండి. 2×2 అయితే మనందరం 8 గుణకారాలు చేస్తాం. 7 చాలని 1969లో గణితవేత్త స్ట్రాసెన్ చూపించాడు. సైజు పెరిగేకొద్దీ కనీసం ఎన్ని కావాలో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. హాడమార్డ్ మ్యాట్రిక్సుల సంగతీ అంతే. గడులన్నీ 1 లేదా −1, ఏ రెండు వరుసలు తీసుకున్నా ఒకదానికొకటి లంబంగా ఉండాలి, అంటే గడికి గడి గుణించి కూడితే సున్నా రావాలి. 428 సైజుదాన్ని కట్టి చూపించిన పేపర్ 2005లో అచ్చయింది, 668 సైజుది ఇంకా దొరకలేదు.

అలాగని వీటితో పీహెచ్‌డీ మొదలుపెట్టమని చెప్పను. మా గైడ్ నాకు మొదట ఇచ్చింది ఒకే ఒక్క థీరమ్, 1971లో గ్రాహం, పొలాక్ ఇచ్చినది. ఇద్దరూ అమెరికాలోని టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ఉండేవారు. నెట్‌వర్క్‌లో మెసేజ్‌ని సరైన చోటుకి ఎలా పంపాలన్న ప్రశ్నలోంచి పుట్టింది అది. ఒక ట్రీ (గీతలతో అన్నీ కలిసి ఉండి, ఎక్కడా చుట్టు తిరిగి రాని బిందువుల బొమ్మ) గీసి, ఏ వెర్టెక్స్ (బిందువు) నుంచి ఏ వెర్టెక్స్‌కి ఎంత దూరమో, అంటే మధ్యలో ఎన్ని గీతలో, ఒక మ్యాట్రిక్స్‌లో రాయండి. దాని డిటర్మినెంట్ (ఆ మ్యాట్రిక్స్ నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య) ట్రీ ఆకారం మీద అసలు ఆధారపడదు, వెర్టెక్స్‌ల సంఖ్య మీదే ఆధారపడుతుంది. నాలుగు వెర్టెక్స్‌లు ఒకే గీత మీద ఉన్నా, ఒకదాని చుట్టూ మూడు ఉన్నా జవాబు −12.

ఎందుకో పెన్ను తీసి చూడండి. ట్రీలో చివరన ఉన్న (ఒకే గీత తగిలిన) ఒక వెర్టెక్స్ తీసుకుని, దాని వరుసలోంచి దాన్ని ఆనుకుని ఉన్న వెర్టెక్స్ వరుసను గడికి గడి తీసివేయండి; దీంతో డిటర్మినెంట్ మారదు. దాని సొంత గడిలో −1, మిగతా గడులన్నింటిలో 1 మిగులుతుంది, ఎందుకంటే అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలన్నా ఆ పక్క వెర్టెక్స్ మీదుగానే వెళ్లాలి. కాలమ్‌కీ అదే చేస్తే ఆ −1 కాస్తా −2 అవుతుంది. ఇలా ఒక్కొక్క చివరా చేసుకుంటూ వస్తే ఆఖరికి మొదటి వరుస, మొదటి కాలమ్ నిండా 1లు (మూల గడిలో 0), మిగతా డయాగొనల్ అంతా −2లు, ఇంకెక్కడ చూసినా సున్నాలే. ట్రీ ఆకారం మీ కళ్ల ముందే మాయమైపోతుంది! నన్ను ఈ సబ్జెక్టులో కట్టిపడేసింది ఇదే.

మరి రీసెర్చ్ ఎక్కడ మొదలవుతుంది? ఆ థీరమ్‌లో ఒక్క షరతు మార్చిన చోట. అంచులకు (వెర్టెక్స్‌లను కలిపే గీతలకు) బరువులు ఇస్తే? బరువులకు బదులు మ్యాట్రిక్సులే పెడితే? ట్రీ కాకుండా ఒక సైకిల్ (చుట్టు తిరిగి మొదటికే వచ్చే దారి) ఉన్న గ్రాఫ్ అయితే? బాపట్, కిర్క్‌లాండ్, నాయ్‌మన్ అనే గణితవేత్తలు 2005లో చేసిన పని ఈ దారిలోదే. చతురస్రానికి (నాలుగు వెర్టెక్స్‌ల సైకిల్‌కి) డిటర్మినెంట్ సున్నా వస్తుంది, అంటే దాని మ్యాట్రిక్స్‌కి ఇన్వర్స్ లేదు, దానితో భాగించలేం. అక్కడ ఇన్వర్స్‌కి బదులు వాడే జనరలైజ్డ్ ఇన్వర్స్ కావాలి. ఆ విషయం మీద సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో పుస్తకం రాసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మన ఆంధ్రా యూనివర్సిటీలోనే మ్యాథ్స్ ఎం.ఏ. చదివారు. లీస్ట్ స్క్వేర్స్ (డేటాకి అతి దగ్గరగా సరిపోయే ఫార్ములా కనుక్కునే) లెక్కల్లో ఇన్వర్స్ లేని మ్యాట్రిక్సులు ఎదురైతే ఏం చేయాలన్నది ఆయనకు నిజమైన అవసరం. అందుకే ఈ సబ్జెక్టులో స్టాటిస్టిక్స్ వాళ్లు, గ్రాఫ్ థియరీ వాళ్లు, కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఒకే పేపర్ చదువుతూ కనిపిస్తారు.

ఇక అడ్మిషన్ సంగతి. పీహెచ్‌డీ ఫెలోషిప్ ఇచ్చే పరీక్షలు నెట్ జేఆర్ఎఫ్, ఎన్‌బీహెచ్‌ఎం (నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్) రెండూ రాయండి, ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ప్రవేశ పరీక్ష కూడా వదలొద్దు. ఇన్‌స్టిట్యూట్ పేరు కంటే గైడ్ ముఖ్యం. ఆయన గానీ ఆవిడ గానీ ఈమధ్య రాసిన పేపర్లు ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో తెరిచి, కనీసం ఇంట్రడక్షన్ అయినా చదివి, ఆ తర్వాతే మెయిల్ పెట్టండి. ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ లీనియర్ ఆల్జీబ్రా ఉచితంగా చదవొచ్చు, అందులో పేపర్లు తిరగేస్తే ఎలాంటి ప్రశ్నలు నడుస్తున్నాయో తెలుస్తుంది. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నల్స్ జోలికి మాత్రం వెళ్లకండి, పేరు పాడైతే తిరిగి రాదు.

పైథాన్ గానీ, గణితం లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ సేజ్ గానీ ఇప్పుడే నేర్చుకోండి. మా పనిలో సగం ఊహలు చిన్న మ్యాట్రిక్సుల మీద లెక్క వేసి చూస్తేనే పుడతాయి. ఈ ఆదివారం ఇది చేసి చూడండి: త్రిభుజానికి దూరాల డిటర్మినెంట్ 2. దానికి ఒక గీతతో ఒక వెర్టెక్స్ తగిలిస్తే −7. అలాగే రెండో వెర్టెక్స్ ఎక్కడ తగిలించినా 20 వస్తుంది. అది ఎందుకో పైన చెప్పిన వరుసల పద్ధతితోనే బయటపడుతుంది. ఎక్కడైనా ఆగిపోతే కింద రాయండి, కలిసి చూద్దాం.