పదాలు వచ్చు, వింటే మాత్రం అర్థం కావట్లేదు

ప్రశ్న: మాది ఖమ్మం. ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కండ్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంటి ఓనరు ఉజ్బెక్ ఆవిడ. మేమంతా ఓపా అని పిలుస్తాం, మన దగ్గర అక్కా అన్నట్టు. ఆవిడ కూతురు పదకొండో తరగతి. ఎకనామిక్స్ డిగ్రీలో చేరాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు తయారవుతోంది. ఇప్పటికే కోచింగ్ సెంటర్ మారింది. మూడు వేల పదాలు బట్టీ పట్టింది. మాక్ టెస్టుల్లో రీడింగ్‌లో తొమ్మిదికి 6 వస్తోంది, లిజనింగ్ 4.5 దాటట్లేదు. ఓపా ఏమో 7 రావాల్సిందేనని పట్టుపట్టి, రోజూ రాత్రి పుస్తకం పట్టుకుని పదాలు అప్పజెప్పించుకుంటుంది. పదాల పుస్తకం మేలా, పాడ్‌కాస్టులు మేలా? నేను సాయం చేస్తే నా యాస ఆ అమ్మాయికి అంటుకుంటుందా?

జవాబు: ఈ ప్రశ్న నాకు వరంగల్ నుంచి వస్తుంది, ఒంగోలు నుంచి వస్తుంది. ఈసారి సమర్‌కండ్ నుంచి వచ్చింది. పుస్తకమా పాడ్‌కాస్టా అని అడిగావు గానీ, ఓపా టెన్షన్ అది కాదని నీకూ తెలుసు. ఇంత డబ్బు పోశాం, ఈ ఏడాది సీటు రాకపోతే పిల్ల గతేంటి అన్నది ఆవిడ భయం. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. రీడింగ్‌లో 6 తెచ్చుకున్న పిల్లకు ఇంగ్లిష్ రాదని ఎవరూ అనలేరు. ఆ మూడు వేల పదాలూ ఎక్కడికీ పోలేదు. కంటికి వచ్చాయి, చెవికి ఇంకా రాలేదు. తెలియని మాట నేర్చుకోవడం కంటే, తెలిసిన మాటను చెవికి పట్టించడం తేలిక.

చెవికి ఎందుకు పట్టలేదో ఆ భాష చూస్తే అర్థమవుతుంది. ఉజ్బెక్‌లో అచ్చులు ఆరే. మనకున్నట్టు ఇ వేరు, ఈ వేరు అనే పట్టింపు లేదు. అందుకే ఇంగ్లిష్‌లో షిప్, షీప్ వాళ్ళ చెవికి ఒకటే. ఈ ఒక్క విషయంలో తెలుగు పిల్లలు అదృష్టవంతులు. వీ, డబ్ల్యూ దగ్గరకు వస్తే వాళ్ళూ మనమూ ఒకే పడవలో ఉన్నాం, మనకు రెండూ 'వ'యే కదా. ఉజ్బెక్‌లో పలికేటప్పుడు గట్టిగా ఒత్తేది మామూలుగా మాట చివరి భాగాన్ని. ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ 'యూనివెర్సితెత్' తెలుసు, రష్యన్ నుంచి వచ్చిన మాట. ఇంగ్లిష్ వాడు మధ్యలో ఒత్తి, చివర మింగేసి 'యూనివర్సిటీ' అంటే అది కొత్త మాటలా వినబడుతుంది. కంప్యూటర్, ప్రాబ్లమ్, టెలిఫోన్ లాంటివీ ఇంతే. వందల మాటలు ఇంట్లోనే ఉన్నాయి, వింటే గుర్తుపట్టడం లేదు.

ఇంకోటి, మనకూ వాళ్ళకూ మరీ దగ్గరిది. నా పుస్తకాలలో అనడానికి వాళ్ళు 'కితోబ్లరిమ్‌ద' అంటారు. బహువచనం, నా, లో, అన్నీ మాట తోకకే. వాళ్ళ వాక్యంలోనూ మనలాగే క్రియ చివరికి వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేవి ఇన్, ఆఫ్, హ్యావ్, బీన్ లాంటి చిన్న మాటలు. అవి ముందుకు వచ్చి నిలబడతాయి, పైగా మాట్లాడేవాళ్ళు వాటిని సగం మింగేస్తారు. పదాల పుస్తకంలో వీటికి చోటుండదు. పరీక్షలో పిల్ల తప్పిపోయేది మాత్రం చాలాసార్లు వీటి దగ్గరే.

ఇక ఓపాతో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాలి. నువ్వే నీ మాటల్లో చెప్పు. అమ్మా, మీది రష్యన్ చదువుకున్న తరం. మీ దేశంలో ఒకటో తరగతి నుంచే విదేశీ భాష నేర్పడం 2013లో మొదలైంది. మీకు దొరకనిది మీ అమ్మాయికి దొరికింది, సంతోషం. కానీ మీరు రాత్రిపూట పెడుతున్నది అక్షరాల పరీక్ష. మీరు మాట పలకలేరు, పిల్ల పలికింది సరైనదో కాదో చెప్పలేరు. స్పెల్లింగ్, అర్థం అప్పజెప్పించుకుని, ఒకటి తప్పితే ముఖం మాడ్చుకుంటున్నారు. దాంతో పరీక్షలో ఒక మాట వినబడకపోగానే పిల్ల గుండె జారుతుంది, ఆ కంగారులో తర్వాతి నాలుగు ప్రశ్నలు పోతాయి. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు కదా. ఆ కంగారు కోచింగ్ సెంటర్ నేర్పింది కాదమ్మా, ఇంట్లో వచ్చింది.

ఆ 7 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడుగు. పక్కింటి అబ్బాయికి వచ్చిందనా? అక్కడి యూనివర్సిటీ ప్రవేశాల్లో తగిన స్థాయి సర్టిఫికెట్ ఉంటే విదేశీ భాష సబ్జెక్టుకు పూర్తి మార్కులు వేస్తారు, అందుకే ఈ పరుగంతా. భాష ఎంత వచ్చో చెప్పే యూరప్ కొలత ప్రకారం 5.5 అంటే బీ2, 7 అంటే దానికి పై మెట్టు సీ1. ఆ అమ్మాయి చేరాలనుకుంటున్న కోర్సుకు ఈ రెండింట్లో ఏది కావాలో ముందు యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో చూడండి. బీ2 చాలిన చోట సీ1 కోసం పిల్లను నలిపేయడం నాకు అర్థం కాదు.

ఇప్పుడు పాడ్‌కాస్టులు. అక్కడా ఇక్కడా ఒకటే ఫ్యాషన్: పొద్దున లేచింది మొదలు చెవిలో ఇయర్‌ఫోన్లు. అన్నం తింటూ, బస్సెక్కుతూ, కొందరు నిద్రపోతూ కూడా. ఇంగ్లిష్ అలా నానిపోతుందట! నాకు దీనిమీద నమ్మకం లేదు. మనసు పెట్టని చెవిలో పదం నిలవదు. పైగా స్థానికుల కోసం చేసిన పాడ్‌కాస్ట్ ఈ అమ్మాయి స్థాయికి చాలా ఎక్కువ. పాల్ నేషన్ అనే న్యూజిలాండ్ భాషా పరిశోధకుడు 2006లో ఒక లెక్క కట్టాడు. మాట్లాడే ఇంగ్లిష్‌లో వందకు 98 మాటలు తెలిసి ఉండాలంటే ఆరేడు వేల పద కుటుంబాలు కావాలి. ఒక మాటా దాని రూపాలూ కలిపితే ఒక కుటుంబం. ఈమె దగ్గర ఉన్నవి మూడు వేలు, అవీ కంటికి మాత్రమే. గంటల తరబడి విని చివరికి 'నాకు చేతకాదు' అన్న నమ్మకం ఒక్కటే మిగుల్చుకుంటుంది.

రష్యన్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని అమెరికన్ సీరియల్ చూడటమైతే శుద్ధ కాలక్షేపం. కన్ను చదువుకుంటుంది, చెవికి సెలవు. చూడొద్దనను, సరదాకి చూడమను. చదువు ఖాతాలో రాసుకోవద్దు. 'మూడు నెలల్లో 7' అని బోర్డు పెట్టే కోచింగ్‌ల గురించి ఇంకా కటువుగా ఉంటాను. వాళ్ళలో చాలామంది నేర్పేది ప్రశ్నపత్రం ట్రిక్కులు. వినబడని మాటకు ట్రిక్కు ఎక్కడ పనిచేస్తుంది? మళ్ళీ సెంటర్ మార్చొద్దు.

చేయాల్సిన పని చిన్నది. రెండు నిమిషాల ఆడియో, అందులోని మాటలన్నీ రాసి ఉన్న రాతప్రతి చాలు. బ్రిటిష్ కౌన్సిల్ లెర్న్ ఇంగ్లిష్ సైట్‌లో స్థాయిలవారీగా దొరుకుతాయి. బీబీసీ వాళ్ళ సిక్స్ మినిట్ ఇంగ్లిష్‌కూ రాతప్రతి ఉంటుంది. అదీ కష్టమనిపిస్తే, వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లిష్ పద్ధతి పాఠాలు చూడండి. సుమారు 1500 పదాలతోనే నెమ్మదిగా చదివిన పాఠాలవి. ముందు రాతప్రతి చూడకుండా రెండుసార్లు వినాలి. తర్వాత ఓ నాలుగు వాక్యాలు ఆపి ఆపి వింటూ, విన్నది విన్నట్టు రాయాలి. అప్పుడు రాతప్రతి తీసి పోల్చాలి. అసలు కథ ఇక్కడే. తప్పిపోయిన మాటల్లో నిజంగా కొత్తవి ఎన్ని, తెలిసీ వినబడనివి ఎన్ని అని విడదీయమను. రెండో రకమే ఎక్కువ ఉంటాయి చూడు. వాటిని ఆ గొంతుతో పాటు బయటికి పలకాలి, నోరు తిరిగేదాకా. కొత్తవి రోజుకు ఐదారు మించొద్దు. వాటినీ ఒంటరిగా రాసుకోవద్దు, 'డెసిషన్' అని కాకుండా 'మేక్ ఎ డెసిషన్' అని, ఆడియోలో ఎలా వచ్చిందో అలాగే. మర్నాడు అదే ముక్క రాతప్రతి లేకుండా మళ్ళీ వినాలి, వారం తర్వాత ఇంకోసారి. రోజుకు అరగంట సరిపోతుంది.

పరీక్షలో అక్షరాలు ఒక్కొక్కటే చెప్పి పేర్లు రాయించే చోట వీళ్ళకు ప్రత్యేకంగా ఒక గండం ఉంది. ఉజ్బెక్ లాటిన్ అక్షరమాలలో 'ఇ' అని పలికేది ఐ అక్షరం, 'ఎ' అని పలికేది ఈ అక్షరం. ఇంగ్లిష్ వాడు 'ఈ' అన్నాడంటే వీళ్ళ చెయ్యి ఐ రాసేస్తుంది, 'ఏ' అంటే ఈ రాసేస్తుంది. డబ్ల్యూ వాళ్ళ అక్షరమాలలోనే లేదు. సీ కూడా హెచ్ పక్కన తప్ప ఒంటరిగా రాదు. ఇక్కడ నువ్వు పనికొస్తావు. రోజూ ఐదు నిమిషాలు ఊళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, థర్టీన్-థర్టీలు చెప్పి రాయించు. నీ యాస గురించి దిగులొద్దు, ఐదు నిమిషాలకు ఏ యాసా అంటుకోదు. ఆ పరీక్షలోనూ ఒకే దేశం గొంతు ఉండదు. ఉచ్చారణకు నమూనా ఆడియోనే, నువ్వు తోడు మాత్రమే. బదులుగా ఆ అమ్మాయి చేత రోజుకు రెండు నిమిషాలు ఉజ్బెక్ మాట్లాడించుకుని ఇదే పద్ధతిలో విను. వార్డులో పేషెంటు ఎక్కడ నొప్పో చెప్పేది ఇంగ్లిష్‌లో కాదు కదా. సమర్‌కండ్‌లో తాజిక్ మాట్లాడే ఇళ్ళూ ఎక్కువే, ఆ బెంగ తర్వాత పడుదువు.

పరీక్ష ఫీజు ఇప్పుడే కట్టనివ్వకు. రెండు నెలలు ఇలా చేశాక ఒక పూర్తి లిజనింగ్ పేపరు పెట్టండి. 40కి 16 వస్తే బ్యాండ్ 5, 23 వస్తే 6, 30 వస్తే 7. వరసగా రెండు పేపర్లలో 23 దాటితే అప్పుడు తేదీ బుక్ చేసుకోవచ్చు. దాటకపోతే ఇంకో నెల ఆగండి, ఆ తప్పిపోయిన మాటల జాబితా నాకు పంపు. ఓపాను మాత్రం ఆ రాత్రి పరీక్ష ఈరోజు నుంచే మానమను.